ఈల వేయని కుక్కర్

అమీర్‌పేటలో కరపత్రాలు పంచేవాళ్ళతో నాకొక పేచీ ఉంది. మెట్రో మెట్లు దిగిన ప్రతి మనిషికీ ఉద్యోగం లేదని వాళ్ళ గట్టి నమ్మకం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని జీవితం మార్చుకోమని చెప్పే కాగితం ఒకటి రోజూ నా చేతిలో పెడతారు. ఆ కాగితం మీద కోటు వేసుకుని నవ్వుతున్న మనిషిని నేనే. నవ్వు నాదే, కోటు మాత్రం ఫోటో స్టూడియో వాళ్ళది. ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను, "అన్నా, ఇందులో ఉన్నది నేనే" అని. అతను కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అయితే ఇంకొకటి తీస్కో అన్నా, దోస్తులకియ్యి" అన్నాడు.

ఆ వేసవిలో నేను పైకి చేసిన ఫిర్యాదులన్నీ ఈ స్థాయిలోనే ఉండేవి. నిజంగా ఫిర్యాదు చేయవలసిన సంగతి గురించి ఇంట్లో మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. నా భార్యకు కీమో నడుస్తోంది.

ఆస్పత్రి పంజాగుట్టలో. మా ఫ్లాటు నుంచి ఆటోలో పది నిమిషాలు, అదీ ట్రాఫిక్ దయతలిస్తే. మందు ఎక్కించిన వారం రోజుల వరకూ ఆమెకు తిండి వాసనే పడేది కాదు. పోపు వేస్తే వాంతి. కుక్కర్ ఈల వేస్తే తలలో మేకు దిగినట్టుండేదట. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఆఫీసుకు ఆమె వేసుకెళ్ళే ఐడీ కార్డు మా ఇంట్లో తలుపు పక్కన వేలాడుతూ ఉండేది. అందులో ఫోటో చూస్తే, ఆమెకు ఒళ్ళు చేసిన అక్క ఎవరో ఉన్నట్టు అనిపించేది.

సాయానికి మా అత్తమ్మ వచ్చింది, మెదక్ వైపు నుంచి. అత్తమ్మ వంటకు గడియారం కుక్కర్ ఈలే. పప్పుకు మూడు, పెద్దకూరకు పది, ముదురు మాంసమైతే ఆమె చెయ్యెత్తి ఆపేదాకా. అలాంటి మనిషిని ఈల లేకుండా వండమన్నాం. వాచీ లేకుండా రైలు నడపమన్నట్టే.

పెద్దకూర అంటే బీఫ్. మా రెండు కుటుంబాల్లోనూ ఆదివారం కూర అదే. అమీర్‌పేటకు వచ్చాక దాని పేరు మటన్ అయింది. మా ఇంటి ఓనరుగారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, పై అంతస్తులో ఉంటారు. ఇల్లు ఇచ్చేటప్పుడు, "నాన్‌వెజ్ తింటారాండీ?" అని అడిగారు. "ఆదివారం మటనండీ" అన్నాను. "మేమూ అంతేనండీ" అన్నారు సంతోషంగా. ఆ తర్వాత ఏ మటన్ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం మర్యాదస్తులం. మర్యాద కోసమే మా వంటింటి కిటికీ ఆదివారాలు మూసి ఉండేది.

ఆస్పత్రిలో ఏం తినాలో చెప్పడానికి ఒక మేడం ఉన్నారు. ఆవిడా కోస్తా ఆవిడే, ఓపికగా చెప్పేవారు.

"పనీర్ తీసుకోండి, సోయా తీసుకోండి, పప్పులు బాగా తీసుకోండి. మొలకలు మాత్రం వద్దండోయ్. పచ్చివేవీ వద్దు."

నా భార్య మధ్యలో అడిగేసింది. "మేడం, పెద్దకూర తినొచ్చా?"

"అదేంటండీ?"

"బీఫ్."

మేడం చేతిలో పెన్ను ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. "కొవ్వు లేని ముక్కలైతే, కూరగాయలు ఎక్కువ వేసి, నూనె తగ్గించి... వారానికోసారి పర్లేదండీ. కానీ మెత్తగా ఉడకాలి. సగం ఉడికినవి, గంటలకొద్దీ బయట ఉంచేసినవి అస్సలు వద్దు. తెల్లకణాలు పడిపోయినప్పుడు మనకి కడుపునొప్పితో పోయేది వీళ్ళకి దాంతో పోదు."

"ఎందాకా పోతుందండీ?" అన్నాను. సరదాకే అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, నా భార్య వైపు చూసి, కాగితం మడిచి ఇచ్చేశారు.

ఆ వారమే స్లో కుక్కర్ తెప్పించాను. పోపు అక్కర్లేదు, ఈల ఉండదు, వాసన మెల్లగా వస్తుంది, ముక్క దూదిలా ఉడుకుతుంది అని దాని ప్రకటనలో రాశారు. మందపాటి పింగాణీ గిన్నె, గాజు మూత, మూడు మాటలు మాత్రమే తెలిసిన ఒక మీట: ఆఫ్, లో, హై. ముందు వైపు ఒక ఎర్ర దీపం. అత్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వేలితో పొట్ట మీద తట్టి చూసింది.

"గిది వండుతదా కొడుకా, పొదుగుతదా?"

"వండుతుంది అత్తమ్మా. కొంచెం టైం పడుతుంది, అంతే."

"కొంచెమంటే?"

"ఎనిమిది గంటలు."

"ఎనిమిది గంటలల్ల బర్రె మల్ల పుడ్తది."

లోపలి గదిలోంచి నా భార్య నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత విన్నానేమో, ఆ యంత్రం పెట్టిన ఖర్చుకు న్యాయం చేసిందని అప్పుడే అనుకున్నాను.

నాకు నచ్చనిదల్లా దాని మౌనం. ప్రెజర్ కుక్కర్ కోపిష్టిది, ఏం చేస్తోందో అరిచి చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు. మూత మీద తడి పేరుకుంటుంది, ఒక చుక్క జారుతుంది, మళ్ళీ ఏమీ లేదు. కిటికీ మూసిన వంటింట్లో ఎవరో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నట్టు ఉండేది. మొదటి ఆదివారం అత్తమ్మ మాటిమాటికీ మూత తీసి చూసింది. తీసినప్పుడల్లా వేడి పోతుందని చెబితే, "సచ్చిందో బతికిందో చూడొద్దా మరి?" అంది. ఆ రోజు నా భార్య నాలుగు చెంచాలు తిని పక్కకు పెట్టేసింది. తర్వాతి ఆదివారం రెండు. ఆ తర్వాత పది రోజులు మజ్జిగ, బిస్కెట్లు, మా ఇద్దరి బతిమాలడాలు.

ఒక మంగళవారం సాయంత్రం ఆమె గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. ఉన్నట్టుండి, "పెద్దకూర తినాలనిపిస్తుంది" అంది. "శల్గం ఏసి. ఆలుగడ్డ సుత."

ఏదైనా కావాలని ఆమె నోరు తెరిచి అడగడం ఆ నెలలో అదే మొదటిసారి. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికి అత్తమ్మ సంచి చేతికిచ్చింది. మాసబ్ ట్యాంక్ వైపు గల్లీలో నాకు తెలిసిన దుకాణం ఉంది.

"చర్బీ మొత్తం తీసెయ్ భాయ్" అన్నాను.

"చర్బీ లేకుంటే మజా ఏముంటది భాయ్?"

"మజా వద్దన్నరు భాయ్, డాక్టర్లు."

నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు. తెల్లటి కొవ్వు పొర ఒక్కటి కూడా లేకుండా ముక్కలు కొట్టి, నల్ల కవర్లో పెట్టి, దాన్ని ఇంకో నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. అమీర్‌పేట అడ్రసులకు ఆ రెండో కవరు మామూలే.

మర్నాడు పొద్దున్నే లేచి అన్నీ గిన్నెలో పేర్చాను. గట్టి కూరగాయలు అడుగున వేయాలి, ఈ కుక్కర్‌లో వేడి అడుగు నుంచి, పక్కల నుంచే వస్తుంది. శల్గం దుంపలు, ఆలుగడ్డ, క్యారెట్. వాటి మీద ఉల్లిగడ్డ, టమాటా. ఆ పైన మాంసం, అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి, చిటికెడు పసుపు. ఒక గ్లాసు నీళ్ళు. నూనె చుక్క లేదు. మేడం చూస్తే మెచ్చుకునేవారు, అది ఏ మాంసమో మరిచిపోగలిగితే. కిటికీ మూశాను. మీట 'లో' మీదికి తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. సాయంత్రం నేను వచ్చేసరికి అయిపోతుంది అని చెప్పి, మూత తీయొద్దని అత్తమ్మకు ఇంకోసారి చెప్పి, క్లాసుకు వెళ్ళిపోయాను. ఆ రోజు తల్లీ కూతుళ్ళిద్దరూ ఆటోలో ఆస్పత్రికి పోవాలి, రక్తపరీక్షకు. వారం వారం పోయేదే.

నా ఉద్యోగం తప్పులు ఎలా పట్టుకోవాలో పిల్లలకు చెప్పడం. ఏం జరగాలి, ఏం జరిగింది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి అని ఆ పూట కూడా చెప్పాను. ఒంటిగంట దాటాక నా భార్య ఫోన్ చేసింది.

"రిపోర్ట్ వచ్చింది" అంది. "తెల్లకణాలు బాగా పడిపోయినయట. ఎవ్వరినీ దగ్గరికి రానియ్యొద్దన్నరు. జ్వరం నూరు దాటితే ఆగకుండా రమ్మన్నరు, ఏ టైమైనా సరే."

"సరే. నేను వచ్చెయ్యనా?"

"వచ్చి ఏం చేస్తవు, కణాలు పెంచుతవా?" అంది. "ఆకలైతుంది నాకు."

చెప్పిన మొదటి సంగతి నన్ను భయపెట్టాలి. కానీ రెండోది విన్నాక మొదటిది వినపడలేదు. మధ్యాహ్నం బ్యాచ్‌కు చాలా ఉత్సాహంగా పాఠం చెప్పానని తర్వాత ఒకమ్మాయి అంది.

ఇంటికి వచ్చేసరికి ఆరు. తలుపు తీయగానే కూర వాసన, పలచగా, మర్యాదగా. నా భార్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుని కాదు, కూర్చుని. పక్కన స్టీలు గిన్నె ఖాళీగా ఉంది.

"నీ పెండ్లాం గిన్నె నాకింది కొడుకా!" అంది అత్తమ్మ. ఆమె ముఖంలో ఆ వెలుగు పెళ్ళినాడు కూడా నేను చూడలేదు. ఆ రోజు కారణం నేను కాబట్టి దానికి ఆమెను తప్పుపట్టను.

"నాకలే. వేలితో తుడిచిన" అంది నా భార్య. "రెండోసారి సుత పెట్టించుకున్న."

"ఆగుతలేదు!" అంది అత్తమ్మ. "ఐదైంది, ఆయన రానీ అంటే వినలే. నోరంత పుండ్లు గదా, వేడి తినలేదు. మూత తీసి గోరువెచ్చగున్నదే పెట్టిన, ఎంత మంచిగ తిన్నదో!"

నేను చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాను. ఎర్ర దీపం పొద్దున్న ఎలా వదిలి వెళ్ళానో అలాగే వెలుగుతోంది. పళ్ళెంలో రెండు గరిటెలు వేసుకున్నాను. చెంచాతో ఆలుగడ్డను నొక్కాను. చెంచా దిగలేదు.

ఇంకో ముక్క నొక్కాను. అదీ అంతే. మాంసం ముక్క నోట్లో పెట్టుకుంటే పంటి కింద సాగింది. పది గంటలు ఉడికిన ముక్క చెంచాకే విడిపోవాలి. ఇది రెండు మూడు గంటలు ఉడికిన ముక్క. మీట మీద చెయ్యి పెట్టి చూశాను. 'లో' మీదే ఉంది. గిన్నె వెచ్చగా ఉంది. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి, ఆలుగడ్డ తప్ప.

"అత్తమ్మా, పొద్దున కరెంటు పోయిందా?"

"కరెంటెందుకు పోతది? ఎక్కడ పోలే."

"మరి ఇది మధ్యలో ఆగిందా?"

"ఆగుడేంది, తొమ్మిదిన్నరకు పోయేటప్పుడు నేనే బంద్ చేసి పోయిన." అత్తమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇంటికి తాళమేసి పోయేటప్పుడు అన్ని బంద్ చెయ్యాల్నా వద్దా? ఫ్యాన్లు, లైట్లు, టీవీ, గ్యాసు బుడ్డి సుత. ఫ్రిజ్ ఒక్కటి ఇడిసిన. మనుషులు లేని ఇంట్ల స్విచ్చు ఏసి పోతరా ఎవరన్న? ఎనకింటోళ్ళది గట్లనే కాలిపాయె గదా."

తాళం వేసే ముందు అత్తమ్మ ఇల్లంతా తిరిగి ఒక్కో స్విచ్చు మీద వేలు పెట్టి చూస్తుందని నాకు తెలుసు. మా అమ్మా అంతే, నా భార్యా అంతే. నేనూ అంతే. మనుషులు లేనప్పుడు పనిచేయడమే ఆ యంత్రం ఉద్యోగమని మా అందరిలో ఏ ఒక్కరి వేలుకూ తెలియదు.

"మళ్ళీ ఎప్పుడు వేసిండ్రు?"

"రాంగనే ఏసిన. రెండైంది. అక్కడ లైను ఎంత పెద్దగుండెనో. నువ్వు చెప్పినట్టే మూత సుత తియ్యలే కొడుకా, ఒట్టు."

మూత సుత తీయలేదు. తొమ్మిదిన్నరకు ఆగింది, రెండింటికి మొదలైంది. మే నెల, మర్యాద కోసం మూసిన కిటికీ, లోపల గోరువెచ్చని మాంసం, నాలుగున్నర గంటలు. అది వండుతుందా పొదుగుతుందా అని అత్తమ్మ మొదటిరోజే అడిగింది. నేను వండుతుందని చెప్పాను. ఆ తర్వాత మూడు గంటలు అది తన మెత్తటి మంట మీద ఉండి ఉంటుంది, ఆలుగడ్డ కూడా లొంగని మంట.

"ఏమైంది? మంచిగ లేదా?" అత్తమ్మ నా పళ్ళెం వైపు చూస్తోంది. ముఖంలో వెలుగు ఇంకా పోలేదు, పోవడానికి సిద్ధంగా మాత్రం ఉంది.

"చాలా బాగుంది అత్తమ్మా. ఇంకొంచెం మెత్తగా ఉండాల్సింది, అంతే."

"గదే నేనంట. పది ఈలలు పెడ్తె వెన్నలెక్క ఉండు."

ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. కింద రోడ్డు మీద క్లాసులు వదిలిన పిల్లలు బండి దగ్గర మిర్చీ బజ్జీలు తింటున్నారు, నూనె ఎన్నిసార్లు కాగిందో అడగకుండా, ఏమీ కాదన్న ధీమాతో. ఆస్పత్రి నంబరుకు చేశాను. నర్సు ఓపికగా విన్నది.

"తిని ఎంతసేపైంది సార్?"

"గంట దాటింది."

"వాంతులు, విరేచనాలు ఏమన్నా?"

"లేవు. చాలా సంతోషంగా ఉంది."

"ఏం తిన్నరు సార్?"

"మాంసం కూర."

"మటనా సార్?"

"అవును" అన్నాను. అలవాటు.

"ఇప్పుడైతే ఏం చెయ్యలేం సార్. నీళ్ళు తాగిస్తుండండి. అరగంటకోసారి టెంపరేచర్ చూడండి. నూరు దాటినా, చలి అన్నా, ఇంక అది ఇది ఆలోచించకుండా తీసుకొచ్చెయ్యండి. వాళ్ళకు కౌంట్ లేదు కదా. లేట్ చేస్తే కష్టం సార్."

నేను లోపలికి వచ్చేసరికి అత్తమ్మ కుక్కర్ గిన్నెను బయటికి తీసి, మిగిలిన కూరను డబ్బాలోకి వంపబోతోంది. "రేపు పొద్దుగాల బిడ్డకు మల్ల పెడ్త. ఇయ్యాల తిన్నది గదా, రేపు సుత తింటది."

"నాకు పెట్టండి అత్తమ్మా" అన్నాను.

"అంతనా?"

"మొత్తం. పొద్దున్నుంచి ఏం తినలేదు."

అబద్ధమే. పారబోస్తే ఎందుకని అడుగుతుంది. డబ్బాలో పెట్టనిస్తే పొద్దున మళ్ళీ అదే స్టీలు గిన్నె. వేరే దారి ఏదైనా ఉండి ఉంటుంది, నాకు తోచలేదు. అత్తమ్మ ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. శల్గం పచ్చిగా కరకరలాడింది. నా తెల్లకణాలు నిండుగా ఉన్నాయని ధైర్యం చెప్పుకుంటూ తిన్నాను. నాకేమైనా అయితే ముందే తెలుస్తుంది, అప్పుడైనా తొందరపడవచ్చు అని కూడా ఒక లెక్క వేసుకున్నాను. పద్ధతి ప్రకారం చూస్తే అది చాలా నాసిరకం పరీక్ష. క్లాసులో ఎవరైనా రాసి ఉంటే సున్నా వేసేవాణ్ణి.

"ఇంత ఇష్టమని తెల్వదు కొడుకా నీకు" అంది అత్తమ్మ గిన్నె తీస్తూ. "ఆదివారం మల్ల చేద్దాం. దీంట్లనే చేద్దాం. దీన్ని తిట్టిన గని, బిడ్డకు కడుపునిండ పెట్టిందిది."

థర్మామీటర్ తీసుకుని గదిలోకి వెళ్ళాను. నా భార్య నోరు తెరిచింది, ఏమీ అడగలేదు. తొంభై ఎనిమిది దాటి కొంచెం. నీళ్ళిచ్చాను, తాగింది. ఫైలు, దుప్పటి, ఫోన్ చార్జర్ ఒక సంచిలో సర్ది మంచం కిందికి తోశాను. అత్తమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతూ పాట అందుకుంది. ఊళ్ళో పాట, నాట్లేసేటప్పుడు పాడేది. ఆమె పాడగా నేను విన్నది ఆ వేసవిలో అదే మొదలు.

అరగంట తర్వాత మళ్ళీ పెట్టాను. తొంభై తొమ్మిది.

"ఎంత?"

"తొంభై తొమ్మిది. ఈ ఎండలకు అందరికీ అంతే ఉంటుంది. పెడితే ఈ గోడకూ అంతే చూపిస్తుంది."

"గోడకు కీమో లేదు."

పంజాగుట్ట వైపు ట్రాఫిక్ ఎలా ఉందో ఫోన్‌లో చూశాను. దారి మొత్తం ఎర్రగా ఉంది. ఆమె దుప్పటి కాళ్ళ మీది నుంచి నడుము దాకా లాక్కుంది.

"చలేస్తుందా?" అన్నాను.

"ఫ్యాను జర తగ్గియ్యి."

ఫ్యాను తగ్గించి వచ్చి పక్కన కూర్చున్నాను. కడుపులో ఏమైనా తేడాగా ఉందా అని అడిగాను. లేదంది. నీకెట్లుంది, గిన్నె మొత్తం నువ్వే తింటివి గదా అని అడిగింది. అప్పుడు అర్థమైంది, వంటింటికీ ఆ మంచానికీ మధ్య ఉన్నది సగం ఇటుక గోడేనని. పొద్దున్న ఇంటికి తాళం వేసినప్పుడు ఆమె కూడా అక్కడే ఉంది.

మూడోసారి థర్మామీటర్ తీసి దీపం వైపు తిప్పి చూశాను. చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది. ఆమె చెయ్యి చాచి నా చేతిలోంచి తీసుకుని, తనే చూసుకుని, తిరిగి నా చేతిలో పెట్టింది. అవతల గిన్నెల చప్పుడు, పాట, రెండూ ఆగలేదు. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నేను పోయినా సరే, ఎందుకు పోయిన్నో అమ్మకు తెల్వనియ్యకు."